పెదాలు కాదు, నాలుక చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మేము శ్రీకాకుళంలో ఉంటాం. వేసవి సెలవులకు పిల్లలిద్దరినీ ఆమదాలవలస దగ్గర ఉన్న మా అత్తగారి ఊరికి పంపాం. అక్కడ మామిడితోటలో పెద్ద దిగుడుబావి ఉంది. మా వారు ఈత నేర్చుకున్నదీ అందులోనే. తొమ్మిదేళ్ళ బాబు, పదమూడేళ్ళ పాప మా మరిదితో కలిసి రోజూ పొద్దున్నే ఈతకు వెళ్ళేవారు. అరగంట దాటిందంటే బాబు పెదాలు నేరేడు పళ్ళు తిన్నట్టు నీలంగా మారిపోతున్నాయి. వేళ్ళ చివరలు కూడా అంతే. పాపకు అలా ఏమీ లేదు. బయటికి వచ్చి కాసేపు ఎండలో కూర్చుంటే వాడూ మామూలైపోతాడు. పక్కింటావిడ "గుండెకు చిల్లు ఉన్న పిల్లలకే అలా అవుతుంది" అన్న దగ్గర నుంచి నాకు నిద్ర లేదు. మా అత్తగారు మాత్రం చుట్ట కాల్చుకుంటూ, "కార్తీకంలో నాగావళి స్నానం చేసి వస్తే నా పెదాలూ నల్లబడతాయి. ఈ మధ్య వేసవిలోనూ అలాగే ఉంటున్నాయి. నాకేమైంది?" అని తీసిపారేస్తున్నారు. బాబుకు ఈత మాన్పించాలా? గుండె పరీక్షలు చేయించాలా?
ఒక తల్లి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ముందు మీకు నిద్ర పట్టే మాట చెబుతాను. మీరు రాసిన వివరాలను బట్టి బాబుది చలి, గుండె జబ్బు కాదు. నీళ్ళలో ఉన్నప్పుడే రంగు మారుతోంది. పెదాలతో పాటు వేళ్ళూ మారుతున్నాయి. ఒళ్ళు వెచ్చబడగానే రంగు తిరిగి వస్తోంది. ఈ మూడూ చలివైపే వేలు చూపిస్తున్నాయి. అయినా ఉత్తరం చదివి నేను ఇచ్చే భరోసా కంటే మీరు స్వయంగా చూసి తెలుసుకునేదే గట్టిది. ఎలా చూడాలో చెబుతాను. నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఆపింది బాబు సంగతి కాదు, మీ అత్తగారి మాట. దాని దగ్గరికి చివర్లో వస్తాను. దయచేసి అక్కడిదాకా చదవండి.

మే నెలలో, మన ఎండల్లో, పిల్లవాడికి చలి వేయడమేమిటని అనిపించవచ్చు. గాలి కంటే నీరు మన ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. 28 డిగ్రీల గాలిలో చొక్కా విప్పుకుని హాయిగా కూర్చుంటాం. అదే 28 డిగ్రీల నీటిలో కదలకుండా ఉంటే కొంతసేపటికి వణుకు పుడుతుంది. ఒళ్ళు వేడి కోల్పోకుండా నీటిలో ఊరికే ఉండగలగాలంటే ఆ నీరు 33 నుంచి 35 డిగ్రీల దాకా ఉండాలి. బావినీరు అంత వెచ్చగా ఉండదు. నేలలో ఊరే నీరు ఏడాది పొడవునా ఆ ప్రాంతపు సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. మన కోస్తాలో అది 27, 28 డిగ్రీల ప్రాంతం. అందుకే అదే బావి పుష్యమాసంలో గోరువెచ్చగా, వైశాఖంలో చల్లగా తోస్తుంది. పైగా చెరువు అయితే పైనున్న నీరు ఎండకు కాగుతుంది. లోతైన దిగుడుబావిలో పొద్దుటిపూట ఎండ నీటిదాకా దిగనే దిగదు.

ఒంటి వేడి తగ్గుతోందని తెలియగానే శరీరం చేసే మొదటి పని, చర్మంలోని సన్నని రక్తనాళాలను బిగించడం. రక్తం పైపైన తిరిగితే దాని వేడి అంతా నీటి పాలవుతుంది కనుక, దాన్ని గుండె, ఊపిరితిత్తులు, పేగులు ఉన్న లోపలి భాగానికి మళ్ళిస్తుంది. (ఈతకు దిగిన పిల్లలు పదే పదే మూత్రానికి పరుగెత్తడానికీ ఇదే కారణం. లోపల రక్తం ఎక్కువైందని మూత్రపిండాలు కాస్త నీటిని బయటికి తోసేస్తాయి. బావిలో ఉన్నవాళ్ళు ఎప్పుడూ గట్టెక్కి వెళతారన్న నమ్మకం నాకు లేదు, అది వేరే సంగతి.)

బిగిసిన నాళాల్లో మిగిలిన కొద్ది రక్తం నెమ్మదిగా కదులుతుంది. నెమ్మదిగా కదిలే రక్తం నుంచి చుట్టూ ఉన్న కణాలు మామూలు కంటే ఎక్కువ ఆక్సిజన్ తీసేసుకుంటాయి. రక్తానికి రంగునిచ్చే హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో ఉన్నప్పుడు మంచి ఎరుపు, దాన్ని వదిలేశాక ముదురు ఎరుపు. రక్తం ఎప్పుడూ నీలంగా ఉండదు. ఆ ముదురు ఎరుపే చర్మం వెనక నుంచి చూస్తే మన కంటికి నీలంగా కనబడుతుంది. పెదాల మీద పైచర్మం చాలా పల్చన, దాని కిందనే సన్నని రక్తనాళాల గుంపు. అందువల్ల ఈ మార్పు వీపు మీదా తొడల మీదా కనబడకపోయినా పెదాల మీద కనబడుతుంది. గోళ్ళ కిందా అంతే.

అక్కకు లేనిది తమ్ముడికి ఎందుకు వచ్చిందంటారా? ఒళ్ళు చిన్నదైన కొద్దీ బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, వేడి అంత త్వరగా పోతుంది. ఆ వయసు ఆడపిల్లలకు చర్మం కింద కొవ్వు కాస్త చేరి ఉంటుంది, తొమ్మిదేళ్ళ బక్కపిల్లవాడికి ఉండదు. ఇంకో చిన్న సంగతి. పాప పెదాలు సహజంగా ముదురు రంగువైతే ఆమెకూ రంగు మారుతూ ఉండవచ్చు, మీకు కనబడకపోవచ్చు. మన ఒంటి రంగులకు పెదాల పైభాగం అంత నమ్మదగిన సాక్షి కాదు.

అందుకే నాలుక చూడమంటున్నాను. ఈసారి బాబు పెదాలు నీలబడినప్పుడు గట్టు మీద మంచి వెలుతురులో నిలబెట్టి నాలుక చాపమనండి. కింది పెదవిని వేలితో వంచి లోపలి వైపు చూడండి, చిగుళ్ళూ చూడండి. నాలుక, నోటి లోపలి భాగం వెచ్చగా ఉంటాయి, చలికి అక్కడి రక్తం అంతగా తగ్గదు. కాబట్టి బయట పెదాలు నీలంగా ఉండి నాలుక ఎప్పటిలా గులాబీ రంగులో ఉంటే అది చలి. నాలుకే నీలంగా ఉంటే ఊపిరితిత్తుల నుంచీ గుండె నుంచీ వచ్చే రక్తంలోనే ఆక్సిజన్ తక్కువగా ఉందన్నమాట. అప్పుడు ఎండలో కూర్చోబెట్టి చూస్తూ ఉండకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రెండోది గడియారం. తుడిచి, పొడి బట్టలు వేశాక పది పదిహేను నిమిషాల్లో, మహా అయితే అరగంటలో రంగు తిరిగి రావాలి. నాలుక చూసే ముందు ఒకసారి వాడి జేబులూ చూడండి. మే చివరికి నేరేడు పళ్ళు వచ్చేస్తాయి. రంగు ఐసు తిన్న పిల్లవాడి నాలుక కూడా ఈ పరీక్షలో తప్పుతుంది.

ఇక పక్కింటావిడ మాట. ఆవిడ మంచికే చెప్పి ఉంటారు కానీ, సగమే నిజం. గుండెలో గదుల మధ్య గోడకు చిల్లు ఉన్న పిల్లల్లో ఎక్కువ మంది నీలంగా మారరు. గుండె ఎడమ వైపు ఒత్తిడి ఎక్కువ, కుడి వైపు తక్కువ. చిల్లు ఉంటే ఆక్సిజన్ నిండిన మంచి రక్తమే కుడి వైపుకు కారి మళ్ళీ ఊపిరితిత్తులకు పోతుంది. ఆ పిల్లల్లో కనిపించేది పాలు తాగుతుంటే చెమటలు పట్టడం, మాటిమాటికీ దగ్గు, న్యుమోనియా, బరువు పెరగకపోవడం. రంగు మారేది ఆక్సిజన్ వదిలేసిన చెడు రక్తం మంచి రక్తంలో కలిసే జబ్బుల్లో. వాటిలో బాగా తెలిసినదానికి, దాన్ని 1888లో వివరంగా రాసిన ఫ్రెంచి వైద్యుడు ఫాలో పేరే పెట్టారు. అందులో చిల్లు ఒక్కటే కాదు, ఊపిరితిత్తులకు వెళ్ళే దారి ఇరుకవడంతో సహా నాలుగు లోపాలు కలిసి ఉంటాయి. ఆ పిల్లలు వేసవిలోనూ నీలంగానే ఉంటారు, ఏడిస్తే ఇంకా ముదురుతారు, నాలుగడుగులు పరుగెత్తి గొంతుకు కూర్చుంటారు. అలా కూర్చుంటే కాళ్ళలోకి రక్తం పోవడం కష్టమై, ఊపిరితిత్తుల వైపు కాస్త ఎక్కువ రక్తం వెళుతుంది. ఎవరూ నేర్పకుండానే పిల్లలు దాన్ని కనిపెట్టుకుంటారు. వాళ్ళ వేళ్ళ చివరలు ఉబ్బి గుండ్రంగా ఉంటాయి. మీ బాబు అరగంట ఈత కొట్టి, ఎండలో కూర్చుని మళ్ళీ దూకడానికి సిద్ధమవుతున్నాడంటే ఆ కోవలోకి రాడు.

అయినా మీ మనసు కుదుటపడకపోతే పిల్లల డాక్టరు దగ్గర ఒకసారి స్టెతస్కోపు పెట్టించండి. అవసరం అనుకుంటే ఆయనే టూడీ ఎకో, అంటే గుండె స్కానింగ్, రాస్తారు. నేరుగా వెళ్ళి ఎకో తీయించుకోవలసిన పని లేదు. ప్రభుత్వ బడులకూ అంగన్‌వాడీలకూ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు వస్తాయి. పుట్టుకతో వచ్చే గుండె లోపాలను వెతకడం వాళ్ళ పనుల్లో ఒకటి. నిజంగా జబ్బు తేలినా భయపడాల్సిన రోజులు కావు. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం కింద పిల్లల గుండె ఆపరేషన్లు జరుగుతున్నాయి.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక మెలిక ఉంది. నీలం రంగు కంటికి కనబడాలంటే సన్నని నాళాల రక్తంలో, 100 మిల్లీలీటర్లకు సుమారు 5 గ్రాముల హీమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలేసి ఉండాలి. బాగా రక్తహీనత ఉన్న పిల్లవాడి ఒంట్లో ఉన్నదే ఆరేడు గ్రాములైతే, ప్రమాదంలో ఉన్నా వాడు నీలబడకపోవచ్చు, పాలిపోయి కనిపిస్తాడంతే. మన రాష్ట్రంలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కాబట్టి పెదవి వంచి చూసినప్పుడు నీలం ఒక్కటే కాదు, తెలుపు కూడా చూడండి. లోపల పాలిపోయి ఉంటే రక్త పరీక్ష చేయించండి. సీతంపేట, పార్వతీపురం కొండ ప్రాంతాల పాఠకులకు ఇంకో మాట. ఇంట్లో ఎవరికైనా సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉంటే, పిల్లలకూ ఆ పరీక్ష చేయించాకే చల్లని నీటిలో ఈతకు పంపండి. ఆ జబ్బు ఉన్నవాళ్ళకు చలి తగలడమే తీవ్రమైన ఒళ్ళు నొప్పులు తెచ్చిపెడుతుంది.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్, కోవిడ్ రోజుల్లో కొన్నది, చాలా ఇళ్ళలో సొరుగులో ఉంది. దాన్ని బావి గట్టు దగ్గరికి తీసుకెళ్ళకండి. చల్లబడిన వేలిలో రక్తం సరిగా ఆడదు, అది ఏదో ఒక అంకె చూపించి మీ గుండె ఆపుతుంది. చేతులు పూర్తిగా వెచ్చబడ్డాక పెట్టండి. 95 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే సరే.

ఈత మాన్పించకండి. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన పిల్లవాడికి ఏరు, చెరువు, సముద్రం మూడూ ఎదురవుతాయి, ఈత రాకపోవడమే పెద్ద ప్రమాదం. సమయం మార్చండి, నిడివి తగ్గించండి. పొద్దున్నే కాకుండా బావిలోకి ఎండ దిగాక పంపండి. పదిహేను ఇరవై నిమిషాలకు ఒకసారి గట్టెక్కించండి. పెదాలు నీలంగా మారడం, పళ్ళు టకటకలాడడం మొదలైతే ఆ రోజుకు ఈత అయిపోయినట్టే. "ఇంకొక్కసారి దూకుతాను" అంటాడు, వినకండి. మన దగ్గర చలికి ప్రాణం పోయేంత దూరం వెళ్ళదు కానీ, అంతకు చాలా ముందే వేళ్ళు మొద్దుబారి పట్టు కోల్పోతాయి. బావిలో అదే అసలు ప్రమాదం. పాకుడు పట్టిన మెట్టునో, తాడునో పట్టుకోలేని పిల్లవాడికి ఈత వచ్చినా ఉపయోగం లేదు. వణుకుతున్నవాడు ఉన్నట్టుండి వణుకు మానేసి మత్తుగా, మాట తడబడుతూ ఉంటే అది కోలుకోవడం కాదు, ఒంటి వేడి 35 డిగ్రీల కంటే తగ్గిపోతోందని గుర్తు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

బయటికి రాగానే తడి నిక్కరు విప్పించండి. తడి బట్ట గాలికి ఆరుతూ ఆ వేడిని కూడా ఒంటి నుంచే తీసుకుంటుంది. తల తుడిచి, పొడి బట్టలు వేసి, గాలి తగలని చోట కూర్చోబెట్టి గోరువెచ్చని పాలో చోడి జావో ఇవ్వండి. అరికాళ్ళు గట్టిగా రుద్దడం, సలసల కాగే నీళ్ళు పోయడం అక్కర్లేదు.

మీ మరిదికి రెండు మాటలు చెప్పండి. ఒకటి, బావి మోటారు ఆడుతుండగా ఎవరూ నీళ్ళలోకి దిగకూడదు. రెండోది, ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారన్న పందెం. అందులో గెలవడానికి పిల్లలు ముందు గబగబా గాలి పీల్చి వదులుతారు. గాలి పీల్చాలన్న తహతహ మనకు ఆక్సిజన్ తగ్గడం వల్ల కంటే కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల పుడుతుంది. గబగబా ఊపిరి తీసి దాన్ని ముందే ఊదేస్తే తహతహ ఆలస్యమవుతుంది, ఆక్సిజన్ మాత్రం అయిపోతుంది. పిల్లవాడు గిలగిలలాడకుండా, కేక వేయకుండా, నీటి కిందనే స్పృహ తప్పుతాడు. పైనున్నవాళ్ళు వాడు గెలుస్తున్నాడనుకుంటారు. ఆ పందెం ఇక వద్దు. ఎవరినైనా అలా పైకి తీస్తే భుజాన వేసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం చేయకండి. ఆ నిమిషాలు ప్రాణానికి అవసరమైనవి. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి అందించి, ఛాతీ మధ్యలో నొక్కుతూ ఉండాలి, ఇంకొకరు 108కి ఫోను చేయాలి.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. కార్తీకంలో తెల్లవారుజామున ఏటి స్నానం చేసినప్పుడు పెదాలు నల్లబడ్డాయంటే బాబు లెక్కే, చలి. "ఈ మధ్య వేసవిలోనూ అలాగే ఉంటున్నాయి" అన్న మాట మాత్రం వేరు. చలి లేకుండా నిలిచిపోయిన నీలానికి చలి కారణం కాదు. ఆవిడ చేతిలో చుట్ట ఉందని మీరే రాశారు. చుట్ట పొగకు పెదాల మీద నలుపు పట్టడం కూడా మామూలే కాబట్టి, ఇక్కడా నాలుకే చెప్పాలి. అది కూడా నీలంగా ఉంటే, ఏళ్ళ తరబడి చుట్ట పొగ, దానికి తోడు కట్టెల పొయ్యి పొగ కూడా ఉంటే, ఊపిరితిత్తులు దెబ్బతిని రక్తానికి ఆక్సిజన్ చాలకపోవడం జరుగుతుంది. అలా చాలాకాలం చాలకపోతే శరీరం హీమోగ్లోబిన్‌ను పెంచుకుంటుంది, దాంతో నీలం ఇంకా తొందరగా బయటపడుతుంది. మెట్లెక్కితే, బిందె మోస్తే ఆయాసం వస్తోందా, పొద్దున్నే దగ్గుతో కఫం పడుతోందా, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయా అని ఊరికే మాటల్లో కనుక్కోండి. ఇలాంటివాళ్ళు "వయసు మీద పడింది" అనుకుని ఎక్కడం మానేస్తారు తప్ప ఆయాసమని చెప్పరు.

ఇంకొకటీ అడగాలి, కాస్త మర్యాదగా అడగండి. మన తీరప్రాంత పల్లెల్లో చాలామంది పెద్దవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అంటారు. ఆ వేడీ పొగా అంగిలికి నేరుగా తగిలి అక్కడ తెల్లని మచ్చలు, ఎర్రని పుళ్ళు వస్తాయి. అంగిలి క్యాన్సర్ మన జిల్లాల్లో కనిపించడానికి అదొక పెద్ద కారణం. నాలుక చూసేటప్పుడే టార్చి వేసి అంగిలి కూడా చూడండి. నొప్పి లేదు కదా అని మచ్చను వదిలేయకండి, మొదట్లో అది నొప్పి పెట్టదు.

బాబును చూపించడానికి ఎలాగూ బయలుదేరుతున్నారు కదా, ఆవిడనూ వెంట తీసుకెళ్ళండి. "మనవడికి తోడు రండి" అంటే వస్తారు, "మీకు పరీక్షలు" అంటే రారు. అక్కడ ఛాతీ డాక్టరుకు చూపించి వెచ్చని వేలికి ఆక్సీమీటర్ పెట్టించండి. ఛాతీ ఎక్స్‌రే, గొట్టంలోకి గాలి ఊదించి ఊపిరితిత్తుల బలం కొలిచే పరీక్ష, హీమోగ్లోబిన్ చేయించమనండి. గుండె ఎకో ఈ ఇంట్లో ఎవరికైనా అవసరమైతే అది ముందు ఆవిడకే. ఇంట్లోనే ఆక్సీమీటర్ పెట్టి చూసినప్పుడు 92 కంటే తక్కువ చూపిస్తే బాబు బడి తెరిచేదాకా, ఈ పనీ ఆ పనీ అయ్యేదాకా ఆగవద్దు, ఆ వారంలోనే వెళ్ళండి. ఈ కార్తీకానికి ఆవిడ నాగావళిలో దిగాలా, ఇంట్లో వేడినీళ్ళతో కానిచ్చుకోవాలా అన్నది ఆ కాగితాలన్నీ చూశాక డాక్టరే చెబుతారు.